సాగే గుడ్డలు కుట్టడం ఆన్‌లైన్‌లో నేర్చుకోవాలంటే ఏ క్లాసును ఎంచుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు రాజమహేంద్రవరంలో తొమ్మిదేళ్లుగా ఇంటి దగ్గరే జాకెట్లు, చుడీదార్లు కుడుతున్నారు. మోటారు బిగించుకున్న పాత నల్ల మెషిన్ ఒకటి, గుడ్డ అంచును కత్తిరిస్తూ దారాలతో చుట్టి కుట్టే మూడు దారాల చిన్న ఓవర్‌లాక్ మెషిన్ ఒకటి మీ దగ్గర ఉన్నాయి. పిల్లల టీషర్టులు, నైట్ ప్యాంట్లు, లెగ్గింగ్స్ కుట్టిపెట్టమని అడిగేవాళ్లు ఎక్కువవుతున్నా, హోజరీ గుడ్డ కుట్టబోతే కుట్లు తప్పిపోవడం, అంచులు అలల్లా లేవడం చూసి భయపడి ఒప్పుకోలేకపోతున్నారు. అందుకని ఆన్‌లైన్‌లో నేర్చుకుందామని మూడు క్లాసులు చూసి పెట్టుకున్నారు. మొదటిది తెలుగులో ముందే రికార్డు చేసిన క్లాసు, పన్నెండు రకాల దుస్తులు నేర్పుతామంటున్నారు, పన్నెండు వందల రూపాయలు. రెండోది ఇంగ్లిషులో విదేశీ టీచర్ చెప్పేది, ఐదు దుస్తులు, మూడున్నర వేలు, జీవితాంతం చూసుకోవచ్చంటున్నారు. మూడోది ఎనిమిది ఆదివారాలు జూమ్‌లో ప్రత్యక్షంగా జరిగేది, పన్నెండు మందికి మించి తీసుకోరు, టీషర్టు, లెగ్గింగ్స్ మాత్రమే నేర్పుతారు, ఆరు వేలు. డబ్బు ఎక్కువ, దుస్తులు తక్కువ కాబట్టి మూడోదాన్ని దాదాపు పక్కన పెట్టేశానని రాశారు.

దాన్ని పక్కన పెట్టవద్దని నా మనవి. నేను తిరుప్పూరులో ఒక బనియన్ కంపెనీ శాంపిల్ సెక్షన్‌లో పదకొండేళ్లు పనిచేసి, తరువాత విజయవాడకు వచ్చి ఇంటి దగ్గర కుట్టేవారికి ఈ పని నేర్పుతున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: నిట్ గుడ్డ, అంటే హోజరీలాంటి సాగే గుడ్డ విషయంలో ఎన్ని దుస్తులు నేర్పుతారన్నది క్లాసుకు కొలత కాదు. మీరు కుట్టిన ముక్కను ఎవరైనా చూసి, అది ఎందుకు చెడిందో చెబుతారా లేదా అన్నదే కొలత. అయితే మూడో క్లాసుకు కూడా కళ్లు మూసుకుని డబ్బు కట్టవద్దు. ముందు అడగవలసినవి, చూడవలసినవి కొన్ని ఉన్నాయి. వాటిని వివరంగా రాస్తాను, ఎందుకంటే రేపు మరొక క్లాసు మీ కంట పడినా ఇవే మీకు పనికొస్తాయి.

మీకు జాకెట్టు కుట్టడం బాగా వచ్చు. అది పెద్ద బలమే, కానీ ఈ పనిలో అదే కొంత అడ్డం కూడా వస్తుంది. జాకెట్టు గుడ్డలో నిలువు పోగు, అడ్డపోగు ఒకదాన్ని ఒకటి దాటుకుంటూ బిగువుగా ఉంటాయి కనుక, గుడ్డ కదలదన్న నమ్మకంతోనే మనం గీత గీస్తాం, కత్తిరిస్తాం, కుడతాం. హోజరీ గుడ్డ అలా నేసినది కాదు, అల్లినది. దారం లూపులుగా మారి, ఒక లూపులోంచి ఇంకొక లూపు దూరుతూ పోతుంది. లాగితే లూపు వెడల్పవుతుంది, వదిలితే మళ్లీ దగ్గరకు వస్తుంది. జాకెట్టులో శరీరపు వంపుకోసం డార్టు అనే మడత కుట్టు వేస్తాం, ఇక్కడ ఆ పని సాగే గుణం చేస్తుంది. జాకెట్టుకు కొలత మీద లూజు కలుపుతాం, లెగ్గింగ్స్‌కు శరీరపు కొలత కంటే తగ్గించి కత్తిరిస్తాం. జాకెట్టు కుట్టేటప్పుడు వెనక చేత్తో గుడ్డను కొంచెం లాగి పట్టుకునే అలవాటు మనందరికీ ఉంటుంది. అదే చెయ్యి ఇక్కడ అంచును సాగదీసి పాడుచేస్తుంది. కాబట్టి కొత్తగా నేర్చుకునేవారికి సరిపోయే క్లాసు, తొమ్మిదేళ్లు జాకెట్లు కుట్టిన మీకు సరిపోవాలన్న నియమం లేదు. మీ చేతి అలవాటును పట్టుకుని మాన్పించగల మనిషి మీకు కావాలి.

ఇక క్లాసును పరీక్షించే పద్ధతికి వస్తాను. ఏ క్లాసుకైనా ఒకటో రెండో పాఠాలు ఉచితంగా చూడనిస్తారు. మొదటి గంటలో వాళ్లు దేని గురించి మాట్లాడుతున్నారో గమనించండి. తెలిసిన టీచర్ సూదితో మొదలుపెడతారు. మీ కుట్లు తప్పిపోవడానికి మెషిన్ పాతదవడం కారణమని మీరు అనుకుంటున్నారు కానీ, నూటికి తొంభైసార్లు కారణం సూదే అయి ఉంటుంది. సూది కిందికి దిగి మళ్లీ పైకి లేచే క్షణంలో దాని వెనక దారం చిన్న లూపులా విచ్చుకుంటుంది. షటిల్ కొక్కెం వచ్చి దాన్ని అందుకుంటేనే కుట్టు పడుతుంది. సాగే గుడ్డ సూదిని అంటిపెట్టుకుని సూదితోపాటే పైకి లేస్తుంది కాబట్టి ఆ లూపు విచ్చుకోదు, కొక్కేనికి అందదు, అక్కడ కుట్టు తప్పుతుంది. ఇందుకే హోజరీకి మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది, లైక్రా కలిసిన గుడ్డకు స్ట్రెచ్ సూది వాడాలి. మీ నల్ల మెషిన్‌కు సరిపడే ఆర్గాన్ సూదుల్లో హెచ్‌ఏ×1ఎస్‌పీ అని రాసి ఉన్నవి ఈ స్ట్రెచ్ సూదులే. పలచని గుడ్డకు 75/11, మందపు గుడ్డకు 90/14 సైజు సరిపోతుంది. మామూలు సూది వాడితే కుట్లు తప్పడమే కాదు, దాని వాడి మొన గుడ్డలోని దారాన్ని తెంపుతుంది. కుట్టినరోజు ఏమీ కనిపించదు. రెండు ఉతుకుల తరువాత కుట్టు పక్కనే వరుసగా ఆవగింజంత చిల్లులు తేలుతాయి. క్లాసులో టీచర్ సూది మార్చకుండా, సూది గురించి ఒక్క మాటైనా చెప్పకుండా నేరుగా కత్తిరింపులోకి వెళ్లిపోతే, ఆ క్లాసు మీకు వద్దు.

సూది తరువాత గుడ్డను కొలిచే పద్ధతి రావాలి. గుడ్డను అంచుకు దూరంగా అడ్డంగా మడిచి, మడత మీద 10 సెంటీమీటర్ల దూరంలో రెండు గుండుసూదులు గుచ్చి, స్కేలు పక్కన పెట్టుకుని హాయిగా సాగినంత మేరకు లాగాలి. 10 సెంటీమీటర్లు 15 వరకు వస్తే ఆ గుడ్డ 50 శాతం సాగుతుందని అర్థం. లాగింది వదిలాక మళ్లీ 10కే వచ్చిందా, పదిన్నర దగ్గర ఆగిపోయిందా అన్నది రెండో పరీక్ష. పదిన్నర దగ్గర ఆగిపోయే గుడ్డతో లెగ్గింగ్స్ కుడితే సాయంత్రానికి మోకాళ్ల దగ్గర సంచుల్లా వేలాడతాయి. దీని తరువాత గుడ్డ బరువు చెప్పాలి. ఇంట్లో వంటకు వాడే చిన్న డిజిటల్ త్రాసు చాలు. 10 సెంటీమీటర్ల చదరపు ముక్క 1.8 గ్రాములు తూగితే అది 180 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 180 గ్రాములు) గుడ్డ. మామూలు టీషర్టుకు అది మంచి బరువు. ఒక ముక్కతో తేల్చడం కష్టమనుకుంటే పది ముక్కలు కలిపి తూచి పదితో భాగించుకోవచ్చు. సింగిల్ జెర్సీ, రిబ్, ఇంటర్‌లాక్ అన్న మూడు రకాల అల్లిక గుడ్డలకూ తేడా చేతిలో పట్టుకుని చూపించే టీచర్ దొరికితే, మీకు సగం పని వచ్చినట్లే. సింగిల్ జెర్సీ ముక్కను కత్తిరించి అడ్డంగా లాగి వదిలితే అంచు దానంతట అదే చాపలా చుట్టుకుపోతుంది, ఇంటర్‌లాక్ చుట్టుకోదు. మొదట నేర్చుకునేటప్పుడు ఇంటర్‌లాక్‌తో మొదలుపెట్టించే టీచర్‌కు తన విద్యార్థుల కష్టం తెలుసన్నమాట.

మూడో పరీక్ష మెషిన్. క్లాసులో వాడే మెషిన్, మీ ఇంట్లో ఉన్న మెషిన్ ఒకే రకానివి కాకపోతే ఆ పాఠంలో సగం మీకు చేరదు. చాలా క్లాసుల్లో నాలుగు దారాల ఓవర్‌లాక్, జిగ్‌జాగ్ కుట్టు వచ్చే కొత్త మెషిన్, కొన్నిసార్లు కింది అంచు మడతలు కుట్టే, మన దగ్గర ఫ్లాట్‌లాక్ అని పిలిచే మెషిన్ కూడా పెట్టుకుని చూపిస్తారు. మీ నల్ల మెషిన్ తిన్నగా గీతలా పడే కుట్టు (తిన్న కుట్టు) మాత్రమే వేస్తుంది. దాని ప్లేటుకు ఒకే చిన్న గుండ్రని రంధ్రం ఉంటుంది కనుక, కింది అంచు మడతకు రెండు సూదులున్న ట్విన్ నీడిల్ వాడమని ఎవరైనా చెబితే అది మీ మెషిన్‌కు కుదిరే పని కాదు. అలాగని మీ మెషిన్ పనికిరాదని కాదు. సరైన సూది, స్పన్ పాలిస్టర్ దారం, కాస్త వదులు చేసిన టెన్షన్ (దారం బిగువు), గుడ్డను నొక్కే ఫుట్ ఒత్తిడి తగ్గించడం, కుట్టు పొడవు రెండున్నర మిల్లీమీటర్ల దగ్గర ఉంచడం, ఇవి పాటిస్తే పిల్లల వదులు టీషర్టుల భుజాలు, పక్క కుట్లు దాని మీద బాగానే వస్తాయి. మెడ పట్టీ, లెగ్గింగ్స్ నడుమ కుట్టు మాత్రం దానితో కుట్టవద్దు. కుట్టిన 10 సెంటీమీటర్ల ముక్కను రెండు చేతులతో పట్టుకుని చెవి దగ్గర పెట్టుకుని లాగండి. దారం తెగితే టక్కుమన్న చిన్న చప్పుడు మీకే వినిపిస్తుంది. ఆ చప్పుడు వచ్చిన కుట్టును పిల్ల తల దూరే మెడ దగ్గర నమ్మలేం.

అందువల్ల మెడ పట్టీ, నడుమ కుట్టు లాంటివి మీరు మూడు దారాల ఓవర్‌లాక్ మీద వేసుకోవాలి. అది బాగా సాగే కుట్టు. ఎక్కువ ఒత్తిడి పడేచోట దానికి తోడుగా సన్నని జిగ్‌జాగ్ కావాలి. నెలకు పది ఆర్డర్లు వస్తాయన్న నమ్మకం కలిగాక, ఉషా జానోమే వంటి జిగ్‌జాగ్ వచ్చే ఇంటి మెషిన్ ఒకటి కొనుక్కోవచ్చు. అంతవరకు తొందరపడవద్దు. ఇంకొక జాగ్రత్త: ఊళ్లో ఎవరైనా ఐదు దారాల ఓవర్‌లాక్ సెకండ్‌హ్యాండ్‌లో ఇప్పిస్తామంటే సాగే గుడ్డ కోసమని తీసుకోకండి. అందులో ఓవర్‌లాక్‌తోపాటు గొలుసు కుట్టు కూడా పడుతుంది, అది నేత గుడ్డల పక్క కుట్లకు ఉద్దేశించినది. కాబట్టి మూడో క్లాసు టీచర్‌ను మీరు అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: “నా దగ్గర తిన్న కుట్టు మెషిన్, మూడు దారాల ఓవర్‌లాక్ ఉన్నాయి. ఈ రెండింటితోనే టీషర్టు మొత్తం పూర్తిచేయడం చూపిస్తారా? కింది అంచు ఎలా ముగిస్తారు?” ఆమెకు పని తెలిస్తే రెండు మూడు దారులు వెంటనే చెబుతుంది. మడత బదులు అదే గుడ్డతో పట్టీ వేసి ఓవర్‌లాక్ చేయడం ఒకటి, దగ్గర్లో ఫ్లాట్‌లాక్ ఉన్న దుకాణంలో ఆ ఒక్క కుట్టు వేయించుకోవడం ఇంకొకటి. “కొత్త మెషిన్ కొనండి” అన్నదే ఆమె ఇచ్చే ఏకైక జవాబైతే ఆలోచించండి.

అంచులు అలల్లా లేవడం గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. కింద ఉండే పళ్లు గుడ్డను ముందుకు నెడతాయి, పైన ఫుట్ దాన్ని నొక్కి పట్టుకుంటుంది. సాగే గుడ్డ ఈ రెండింటి మధ్య లాగబడి, లాగబడిన స్థితిలోనే కుట్టులో చిక్కుకుపోతుంది. పెద్ద ఓవర్‌లాక్ మెషిన్లలో దీనికి డిఫరెన్షియల్ ఫీడ్ అనే ఏర్పాటు ఉంటుంది. ముందు పళ్లు, వెనక పళ్లు వేర్వేరు వేగాలతో నడుస్తాయి. ముందు పళ్ల వేగం పెంచితే గుడ్డ సాగకుండా కొద్దిగా దగ్గరవుతుంది, అలలు పోతాయి. మీ దగ్గరున్నలాంటి చిన్న ఓవర్‌లాక్‌లలో చాలావాటికి ఆ ఏర్పాటు ఉండదు. కాబట్టి మీకు ఆ పనిని చేత్తో నేర్పేవారు కావాలి: ఫుట్ ముందు వేళ్లతో గుడ్డను కొద్దిగా లోపలికి నెడుతూ పంపడం, కింద పలచని కాగితం పెట్టి కుట్టి తరువాత చింపేయడం, భుజం కుట్టులో సన్నని నూలు టేపు కలిపి వేయడం వంటివి. అయితే తిన్న కుట్టు మెషిన్ దగ్గర సలహా దీనికి తిరగబడుతుంది. అక్కడ కుట్టులోకి కాస్త సాగుడు చేరాలని గుడ్డను ముందూ వెనకా సమానంగా, కొద్దిగా లాగి కుట్టాలి. 1960లలో అమెరికాలోని ఒరెగాన్‌లో యాన్ పర్సన్ అనే ఆమె మామూలు ఇంటి మెషిన్ మీద నిట్ గుడ్డ కుట్టడం ఇలాగే క్లాసులు పెట్టి నేర్పింది. ఆ పద్ధతి పేరే స్ట్రెచ్ అండ్ సో అన్న ఆమె సంస్థకు పేరయింది. ఒక మెషిన్ దగ్గర నెట్టాలి, ఇంకొక మెషిన్ దగ్గర లాగాలి. ఎంత నెట్టాలి, ఎంత లాగాలి అన్నది మాటల్లో చెప్పడం నాకూ సాధ్యం కాదు. వేళ్లు చూడాలి.

అందుకే కెమెరా ఎక్కడ ఉందన్నది చిన్న విషయం కాదు. మెడ పట్టీ వేసే పాఠాన్ని ఉచితంగా చూడనిస్తే దాన్నే చూడండి, లేకపోతే అడిగి మరీ చూడండి. రెండు మూడేళ్ల పిల్ల టీషర్టుకు మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు అనుకుందాం. రిబ్ పట్టీని దానిలో 85 శాతం, అంటే 34 సెంటీమీటర్లు తీసుకుని, కుట్టుకు రెండు సెంటీమీటర్లు కలిపి కత్తిరిస్తాం. పిల్ల తల చుట్టుకొలత 50 సెంటీమీటర్లకు దగ్గరగా ఉంటుంది కనుక, ఆ 34 సెంటీమీటర్ల పట్టీ 50 దాటి సాగి మళ్లీ వెనక్కి రావాలి. పట్టీని గుండ్రంగా కలిపి, మడిచి, నాలుగు సమాన భాగాలుగా గుర్తులు పెట్టి, మెడకూ నాలుగు గుర్తులు పెట్టి, గుర్తుకు గుర్తు కలిపి క్లిప్పులు వేస్తాం. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. మెడను నాలుగు భాగాలు చేయడమంటే భుజం కుట్లను రెండు గుర్తులుగా తీసుకోవడం కాదు. ముందు మెడ లోతు ఎక్కువ కాబట్టి, సగం గుర్తు భుజం కుట్టు కంటే కొంచెం ముందుకు వస్తుంది. కుట్టేటప్పుడు పట్టీ పైన, షర్టు కింద ఉంటాయి. ఎడమచేతి చూపుడువేలు, బొటనవేలు తరువాతి గుర్తు దగ్గర పట్టీని పట్టుకుని, అది మెడకు సమానమయ్యేంత వరకే సాగదీస్తాయి. కుడిచేయి కింది గుడ్డను సాగనివ్వకుండా చదునుగా ఉంచుతుంది. పట్టీ సాగాలి, షర్టు సాగకూడదు. ఈ ఒక్క పని రెండు చేతులూ ఒకేసారి చేస్తున్నప్పుడు, పైనుంచి, దగ్గరగా, ఎడిటింగ్ లేకుండా పూర్తి వలయం చూపిస్తున్నారా? సంగీతం పెట్టి వేగంగా నడిపించేసి, “ఇలా కుట్టుకోవాలి” అని కుట్టేసిన మెడ చూపిస్తే, వాళ్లు దుస్తులు చూపిస్తున్నారు కానీ కుట్టడం నేర్పడం లేదు.

నా మాటకు ఆధారంగా ఒక అనుభవం చెబుతాను. నా దగ్గర నేర్చుకునే ఒకామె టీషర్టు ఫొటో పంపి, మెడ ఎందుకు బయటికి విచ్చుకుని నిలబడుతోందని అడిగింది. ముందువైపు ఫొటోలో పట్టీ బాగానే ఉంది. లోపలివైపు ఫొటో పంపమన్నాను. లోపల పట్టీ వెనకమెడ దగ్గర ముడతలు ముడతలుగా ఉంది, ముందువైపు తిన్నగా ఉంది. అంటే సాగుడంతా ముందుకు పోయి, వెనక పట్టీ సాగకుండా పడింది. గుర్తులు ఎక్కడ పెట్టారమ్మా అని అడిగితే, భుజాల దగ్గర పెట్టానన్నది. పైన రాసిన పొరపాటే. ఆమె అప్పటికి రెండు క్లాసుల వీడియోలు చూసి, ఆ మెడను నాలుగుసార్లు విప్పి కుట్టింది. వీడియోలో మన తప్పు కనిపించదు, వాళ్లు సరిగ్గా చేసినదే కనిపిస్తుంది. మన ముక్కను ఎవరో ఒకరు తిప్పి చూడాలి.

ఈ సంగతి నాకూ ఆలస్యంగా తెలిసింది. తిరుప్పూరు వదిలాక స్పోర్ట్స్ దుస్తులు నేర్చుకుందామని ఒక ఆన్‌లైన్ క్లాసుకు డబ్బు కట్టాను. ప్రశ్నలకు రెండు రోజుల్లో జవాబిస్తామని రాశారు. నేను అడిగిన మూడు ప్రశ్నలకూ వచ్చిన జవాబు ఒకటే: ఐదో పాఠం మళ్లీ చూడండి. ఐదో పాఠంలో కెమెరా టీచర్ ముఖం మీద ఉంది. అప్పటినుంచి ఏ క్లాసుకైనా డబ్బు కట్టేముందు పాత విద్యార్థుల ప్రశ్నలకు వాళ్లు ఏం జవాబిచ్చారో వెతికి చదువుతాను. మీరూ అలా చేయండి. “చాలా బాగుంది మేడమ్” అన్న మెచ్చుకోళ్లు వదిలేసి, “నాకు ఇలా వచ్చింది” అన్న ఫిర్యాదులకు జవాబుగా టీచర్ ఏ సూది వాడారు, ఏ గుడ్డ, లోపలివైపు చూపించండి అని తిరిగి అడిగారా అన్నది చూడండి.

ఇప్పుడు మీ మొదటి క్లాసు. ఎనిమిది గంటల వీడియోలో పన్నెండు దుస్తులంటే ఒక్కొక్క దుస్తుకు నలభై నిమిషాలు వస్తాయి. అందులో కొలతలు, కత్తిరింపు, కుట్టు అన్నీ ముగించాలి. నిట్ గుడ్డలో టీషర్టు, నైట్ ప్యాంటు, లెగ్గింగ్స్ బాగా వస్తే మిగిలినవి వాటి రూపాంతరాలే. పన్నెండింటిని పేర్కొనడం అమ్మకానికి ఉపయోగపడుతుంది. తెలుగులో ఉంది, ధర తక్కువ, వాట్సాప్ గ్రూపు ఉంది అన్నవి మంచి విషయాలే. కానీ గ్రూపులో ఎంతమంది ఉన్నారని మీరు అడిగితే ఎనిమిది వందల మందికి పైగా ఉన్నారన్నారట. ఎనిమిది వందల మంది పంపే మెడలను ఒక్క మనిషి తిప్పి చూడలేదు.

రెండో క్లాసు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీకు దాని మీదే మనసు ఉన్నట్లుంది. ఇంగ్లిషు అర్థం కాదేమోనన్న భయం అవసరం లేదు. చేతులు బాగా కనిపించే క్లాసు అయితే భాష పెద్ద అడ్డంకి కాదు, తొమ్మిదేళ్లు కుట్టిన మీకు చేతుల భాష వచ్చు. ఇబ్బంది ప్యాటర్న్‌లతో, అంటే కత్తిరింపు నమూనా కాగితాలతో వస్తుంది. విదేశీ క్లాసులు తమ ప్యాటర్న్‌ను పీడీఎఫ్‌గా ఇస్తాయి. అది అమెరికా లెటర్ సైజు కాగితానికి చేసి ఉంటే, మన జిరాక్స్ షాపులో ఏ4 మీద పేజీకి సరిపెట్టి ప్రింట్ చేస్తే మొత్తం కొలతలు మారిపోతాయి. ప్యాటర్న్ మీద పరీక్ష కోసం ఒక చతురస్రం గీసి ఉంటుంది. దాన్ని స్కేలుతో కొలవకుండా కత్తెర పట్టుకోవద్దు. పైగా ప్యాటర్న్ ఎంత సాగే గుడ్డకు చేసిందో దాని మీదే రాసి ఉంటుంది. 50 శాతం సాగే గుడ్డకు చేసిన లెగ్గింగ్స్ ప్యాటర్న్‌ను 25 శాతం సాగే గుడ్డ మీద కత్తిరిస్తే తొడల పైకి ఎక్కదు. వాళ్లు చెప్పే గుడ్డల పేర్లు, బరువులు ఔన్సుల్లో ఉంటాయి. చదరపు గజానికి ఒక ఔన్సు అంటే దాదాపు 34 జీఎస్‌ఎం అని గుర్తు పెట్టుకుంటే మార్చుకోవచ్చు. ఇవన్నీ దాటగలిగిన అడ్డంకులే, అయితే మొదటి క్లాసులోనే వీటితో కుస్తీ పట్టడం ఎందుకని నా అభిప్రాయం.

“జీవితాంతం చూసుకోవచ్చు” అన్న మాటను కూడా ఆచితూచి తీసుకోండి. కుట్టు, అల్లిక క్లాసులకు పేరున్న అమెరికా వేదిక క్రాఫ్ట్సీ 2010లో మొదలైంది. 2017లో ఎన్‌బీసీ యూనివర్సల్ అనే అమెరికా మీడియా సంస్థ అందులో అధిక వాటా కొన్నది, తరువాత దాన్ని బ్లూప్రింట్ అన్న పేరులో కలిపేశారు, 2020లో బ్లూప్రింట్‌ను మూసేస్తున్నట్లు ప్రకటించారు. అదే ఏడాది ఇంకొక సంస్థ కొనుక్కుని క్రాఫ్ట్సీ పేరుతో మళ్లీ నిలబెట్టింది కాబట్టి సరిపోయింది కానీ, మధ్యలో డబ్బు పెట్టి క్లాసులు కొనుక్కున్నవాళ్లు పడిన ఆదుర్దా తక్కువ కాదు. అంత పెద్ద వేదికకే అలా జరిగింది. క్లాసు జీవితం ఆ వేదిక జీవితమంతే. కాబట్టి వీడియోను డౌన్‌లోడ్ చేసుకోనిస్తారా, ప్యాటర్న్‌లు, కొలతల కాగితాలు మన దగ్గరే ఉంటాయా అన్నది అడగండి, ఉంటే మొదటిరోజే దించుకుని పెట్టుకోండి. వాపసు సంగతి కూడా చూసుకోండి. ఉడెమీ వంటి వేదికలో కొన్న క్లాసుకు సాధారణంగా 30 రోజుల్లోపు డబ్బు వాపసు అడగవచ్చు. విడిగా నడిపే క్లాసుల్లో ఎవరి నిబంధన వారిది, అది రాతపూర్వకంగా, కనీసం వాట్సాప్ సందేశంగానైనా తీసుకోండి.

మూడో క్లాసు టీచర్‌ను అడగవలసిన మొదటి ప్రశ్న పైన చెప్పాను. రెండోది, వారం మధ్యలో ముక్కలు కుట్టి ఫొటోలు పంపితే చూస్తారా, క్లాసులో ఆ ఫొటోలను అందరి ముందూ పెట్టి మాట్లాడతారా అని. ఇతరుల తప్పులు చూడడం మన తప్పులు చూడడమంత మేలు చేస్తుంది, చిన్న గ్రూపు విలువ అక్కడే ఉంది. మూడోది, ఆదివారం కరెంటు పోయినా, పండగ వచ్చినా ఆ పాఠం రికార్డింగ్ ఇస్తారా అని. నాలుగోది గుడ్డ. గుడ్డ ఎక్కడ కొనాలో, ఎంత కొనాలో చెప్పని క్లాసు మిమ్మల్ని బజారులో వదిలేసినట్లే. హోజరీ గుడ్డ టోకున మీటర్ల లెక్కన కాక కిలోల లెక్కన అమ్ముతారు. తిరుప్పూరు నుంచి తెప్పించుకున్నా, అక్కడినుంచి తెచ్చి మన దగ్గర అమ్మేవారి వద్ద కొన్నా లెక్క ఇదే. 180 జీఎస్‌ఎం గుడ్డ, విప్పితే 1.8 మీటర్ల పన్నా ఉంటే, కిలోకు దాదాపు మూడు మీటర్లు వస్తుంది. గొట్టంలా వచ్చే గుడ్డ అయితే పన్నాను రెట్టింపు చేసి లెక్క కట్టుకోవాలి. నూలు హోజరీని ఉతికి, నీడలో పరచి ఆరబెట్టకుండా కత్తిరించకూడదు. 5 శాతం కుంచించుకున్నా 70 సెంటీమీటర్ల షర్టు మూడున్నర సెంటీమీటర్లు పొట్టిదవుతుంది, ఆ ఫిర్యాదు గుడ్డ అమ్మినవాడికి కాదు, మీకే వస్తుంది. కత్తిరించే ముందు గుడ్డను బల్ల మీద చదునుగా పరచి ఒక రాత్రి వదిలేయాలి, అంచు బల్ల మీదినుంచి వేలాడకూడదు.

ఈ నాలుగు ప్రశ్నలకు తృప్తికరమైన జవాబులు వస్తే ఆరు వేలు కట్టేయండి. రెండు మూడు నెలల్లో ఆ డబ్బు టీషర్టుల మీదే తిరిగి వస్తుందని నేను హామీ ఇవ్వలేను కానీ, విప్పి మళ్లీ కుట్టే గంటలు మిగులుతాయన్నది మాత్రం నా కళ్లారా చూశాను. జవాబులు సరిగా రాకపోతే తొందరపడకుండా, రెండో క్లాసులో టీషర్టు పాఠం ఒక్కటే విడిగా కొనే వీలుందేమో చూసి, మీ ఊళ్లోనే హోజరీ పని తెలిసిన మాస్టరుకు మీరు కుట్టిన ముక్కలు చూపించుకునే ఏర్పాటు చేసుకోండి. కొంత ఫీజు ఇస్తామంటే చూసేవారు దొరుకుతారు.

క్లాసు మొదలయ్యేలోపు ఒక పని చేసి ఉంచండి. అరకిలో ఇంటర్‌లాక్, పావుకిలో రిబ్ కొని, ఉతికి ఆరబెట్టండి. కొత్త స్ట్రెచ్ సూది వేసి, 10 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల పొడవు ముక్కలు పది కుట్టండి. ఐదు నల్ల మెషిన్ మీద, ఐదు ఓవర్‌లాక్ మీద. ఒక్కొక్కదానికి ఒక్కటే మార్చండి, ఒకసారి టెన్షన్, ఒకసారి ఫుట్ ఒత్తిడి, ఒకసారి కుట్టు పొడవు. ఏం మార్చారో ముక్క మీదే పెన్నుతో రాయండి. ఒక్కొక్కదాన్ని లాగి, చప్పుడు వచ్చినవాటికి ఒక చుక్క పెట్టండి. పదింటినీ ముందువైపు ఒక ఫొటో, వెనకవైపు ఒక ఫొటో తీసి, మొదటి ఆదివారం క్లాసు మొదలవగానే టీచర్‌కు చూపించండి.